రామచంద్రం పూడ్చిన గుంట

"...గోడలకు ఒక్క మేకు గూడ కొట్టలె. అది ముందుగాల రాయి బిడ్డా. జర పెద్దగ రాయి."

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరుకు ఇవ్వాల్సిన కాగితాన్ని మనుమరాలు అఖిల నోట్‌బుక్కులో పెద్దక్షరాలతోనే రాసింది. "రాసిన తాతా. ఇంకేం రాయాలె?"

"కిటికీ రెక్కలు మంచిగున్నయి. నల్లాలు కారుతలేవు. బల్బులు మావే, ఇడిసిపెట్టి పోతున్నం."

"కప్పు కురుస్తదని గూడ రాయి!" వంటింట్లోంచి సుభద్రమ్మ కేక వేసింది.

"అది రాయకు," అన్నాడు రామచంద్రం గొంతు తగ్గించి.

అఖిల పెన్ను ఆపి ముందుగది నడిమధ్యకు చూసింది. "మరి గుంట తాతా?"

"గుంట సంగతి ఎవరడిగిండ్రు?"

ఎవరూ అడగలేదు. ఆరేళ్ళుగా ఎవరూ అడగకపోవడమే రామచంద్రాన్ని లోపల్లోపల కొరుకుతూ వచ్చింది. పానగల్‌లో ఆ ఇంటిని అందరూ చోటే మియా ఇల్లు అంటారు కానీ, కాగితాల మీద అది ఆయన భార్య జాహేదాది. కొత్త రాష్ట్రం వచ్చిన రెండేళ్ళకు, ఇల్లు కిరాయికి ఇచ్చేటప్పుడు ఆమె కల్వకుర్తి నుంచి స్వయంగా వచ్చి ఒకే ఒక మాట అడిగింది. "మా అబ్బా కట్టిచ్చిన ఇల్లు. దీనికి దెబ్బ తగలొద్దు." రామచంద్రం ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, గోడకు మేకు కూడా కొట్టనని మాట ఇచ్చాడు. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు. ఆరు సంవత్సరాల క్యాలెండర్లు ఆ ఇంట్లో గోడ ఎక్కలేదు, కుర్చీలో కూర్చుని కాలం గడిపాయి.

అయితే, మాట ఇచ్చిన మూడో రోజునే ఆయన ముందుగదిలో నాలుగు షాబాదు బండలు పెకిలించి, మూడడుగుల లోతు గుంట తవ్వాడు. గుంట మగ్గం మీద నేసేవాడు కాళ్ళు గుంటలోకి దించుకుని కూర్చోవాలి, లోపలున్న కర్రలు తొక్కాలి. గుంట లేకుండా మగ్గం నడవదు, మగ్గం నడవకుండా ఇల్లు నడవదు. నేను గోడల మాటే ఇచ్చాను, నేల మాట ఇవ్వలేదు కదా అని మొదటి ఏడాది తనకు తాను చెప్పుకున్నాడు. రెండో ఏడాదికి ఆ మాట చెప్పుకోవడానికి కూడా సిగ్గు వేసింది.

ఇప్పుడు మోకాళ్ళు అరిగాయి. కర్ర తొక్కడం బంద్ చెయ్యమని దవాఖానలో గట్టిగా చెప్పారు. మగ్గాన్ని పోయిన వారమే విప్పి తమ్ముడి కొడుకుకు పంపేశాడు. నల్లగొండలో మేడ మీద రెండు గదుల పోర్షన్ మాట్లాడుకున్నారు. సాయంత్రంలోగా పదిహేను వేలు అడ్వాన్సు కట్టకపోతే దాన్ని వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. ఆ పదిహేను వేలూ డిపాజిట్ రూపంలో చోటే మియా దగ్గరున్నాయి. ఆయన నాలుగు గంటలకు వచ్చి, ఇల్లు చూసి, డబ్బు ఇచ్చి పోతానన్నాడు. మేస్త్రీ పన్నెండింటికి వచ్చి గుంట పూడ్చి, బండలు పరుస్తానన్నాడు. ఆ ఉదయం రామచంద్రం వేసుకున్న ప్లాను అంతే. దాంట్లో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"రామచంద్రం అన్నా, నాల్గింటికి గాదు, పదకొండింటికే వస్తున్న," అన్నాడు చోటే మియా. "నాతోని ఇంకొకాయన వస్తున్నడు. ఆయనకు ముందర అర్ర మంచిగ సూపియ్యాలె. టేపు గూడ తెస్తున్నం."

"టేపెందుకు భాయ్?"

"కొలిచెతందుకే! వచ్చినంక మాట్లాడుదాం." ఫోన్ కట్టయింది.

రామచంద్రం ఫోన్ పట్టుకునే వంటింటి గుమ్మం దగ్గరికి పోయాడు. "గుంట సంగతి ఎవరో చెప్పిండ్రు," అన్నాడు. "వేరే మేస్త్రీని తోల్కొస్తున్నడు. గుంట కొలుస్తరు, నష్టం లెక్క గడ్తరు, పదిహేను వేలు గుంటలనే పోతయి."

"ఒప్పుకోరాదయ్యా," అంది సుభద్రమ్మ. "ఒక్క మాట. తప్పయింది అంటే అయిపాయె."

"ఆరేండ్ల సంది ఒప్పుకోనిది ఇయ్యాల ఏ మొఖం పెట్టుకొని ఒప్పుకోవాలె?"

పన్నెండింటికంటే ముందు కుదరదన్న మేస్త్రీని ఇక రావద్దని చెప్పి, ఆ ముఖాన్ని కాపాడుకోవడానికి ఆయనే గడ్డపార అందుకున్నాడు. అప్పట్లో గుంటలోంచి తీసిన మన్నంతా పెరట్లో నిమ్మచెట్టు చుట్టూ పోసి ఉంది. దాన్నే తవ్వి మళ్ళీ గుంటలో పోస్తే సరిపోతుందనుకున్నాడు. మూడో పోటుకు గడ్డపార కింద ఏదో పటుక్కుమంది. నీళ్ళు నిమ్మచెట్టుకంటే ఎత్తుకు ఎగిశాయి. బోరు పైపు ఆ చెట్టు కిందనుంచే పోతుందన్న సంగతి ఆయన ఆరేళ్ళలో ఏనాడూ తెలుసుకోలేదు. అఖిల పరుగెత్తి వాల్వు కట్టేసేసరికి మన్నంతా జారుబురద అయిపోయింది.

"తాతా, ఇది మన్ను గాదు, పాయసం."

"పూడితె సాలు. తట్టకు ఎత్తు."

ముగ్గురూ కలిసి తట్టలతో మోశారు. గుంట సగం నిండేసరికి పక్కింటి బిక్షమ్మ గోడ తడుముకుంటూ వచ్చింది. రెండిళ్ళకూ ఒకటే బోరు. ఆమె ముఖం నిండా సబ్బు నురగ, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"ఏంది పెద్దయ్యా, నీళ్ళు బంద్ వెట్టినవ్? కండ్లు మండుతున్నయి!"

అఖిల కడవలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది. బిక్షమ్మ ముఖం కడుక్కుంటుండగానే, ఆమె కళ్ళు తెరవకముందే అడిగేయాలని రామచంద్రం తొందరపడ్డాడు. "బిక్షమ్మా, నీ గడప ముందట మెట్టుకు ఏసిన బండ జర కావాలె."

ఆమె కళ్ళు తెరిచింది. "అది నువ్వే ఇస్తివి గదా?"

"ఇచ్చిన. అది నాది గాదు."

"నీది గానిది నాకెట్లిచ్చినవ్ పెద్దయ్యా? నేను దాని మీద రోజూ పసుపు రాసి, ముగ్గేసుకుంటి గదా!"

ఆ మాట ఆమె మామూలు గొంతుతోనే అన్నది. బిక్షమ్మ మామూలు గొంతు నాలుగిళ్ళ దాకా వినిపిస్తుంది. ఎదురింటి తలుపు తెరుచుకుంది, దాని పక్కది కూడా తెరుచుకుంది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, వాళ్ళందరి కళ్ళముందు, ఒకరింటి మెట్టును గడ్డపారతో లేపుకుని చంకలో పెట్టుకుని పోవాల్సి వచ్చింది రామచంద్రానికి. తల ఎత్తలేదు.

రెండో బండ సుభద్రమ్మ బట్టలుతికే రాయి. మూడోది సంపు మూత. నాలుగోది ఆనాడే రెండు ముక్కలై బియ్యం డ్రమ్ము కింద చేరింది. అన్నీ తెచ్చి బురద మీద పరిచేసరికి పదిన్నర. మెట్టు బండ పసుపుపచ్చగా ఉంది. ఉతుకుడు బండ సబ్బుకు తెల్లబడింది. సంపు మూత పాచి పట్టింది. బూడిదరంగు నేల మధ్యలో అవి వేరేవాళ్ళ పళ్ళు తెచ్చి నోట్లో పెట్టినట్టు మెరుస్తున్నాయి. వాటి మీద సుభద్రమ్మ పెళ్ళినాటి జంపఖానా పరిచారు.

పదకొండింటికి చోటే మియా వచ్చాడు. ఆయన వెనుక ముప్పై అయిదేళ్ళ బక్కపలచటి మనిషి. పేరు అంజయ్య అని చెప్పాడు. జేబులోంచి టేపు తొంగి చూస్తోంది. రామచంద్రం ఆ టేపునే చూస్తూ పోయి జంపఖానా నడుమ నిలబడ్డాడు.

"కూసో అన్నా," అన్నాడు చోటే మియా.

"వద్దు భాయ్. నిలవడితేనే మోకాళ్ళకు మంచిది."

అఖిల చాయ్‌తోపాటు తాత చెప్పి రాయించిన కాగితం తెచ్చి ఇచ్చింది. చోటే మియా దాన్ని పైకి చదివాడు. "గోడలకు ఒక్క మేకు గూడ కొట్టలె... వారెవ్వా!" అని నాలుగు గోడలూ తిరిగి చూశాడు. రామచంద్రం ఆయనకంటే బెత్తెడు పొడుగు మనిషి. కాగితం చదవడం మొదలుపెట్టినప్పుడు ఆ బెత్తెడూ ఉంది. కిటికీల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానమయ్యారు. బల్బుల మాట చదివేసరికి చోటే మియానే పొడుగయ్యాడు. అఖిల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. రామచంద్రం మాత్రం చాయ్ కప్పు పట్టుకుని, కాళ్ళ కింద ఏమీ జరగడం లేదన్నట్టు నవ్వుతూ కిందికి పోతున్నాడు.

బుడుక్కుమని చప్పుడైంది. బండ ఒక పక్కకు తిరిగింది. జంపఖానాతో సహా రామచంద్రం మోకాళ్ళ దాకా దిగబడ్డాడు. ఆరేళ్ళు ఆయన కాళ్ళు ఎక్కడ వేలాడాయో సరిగ్గా అక్కడే.

రామచంద్రం కప్పును పక్కనున్న బండ మీద జాగ్రత్తగా పెట్టి, చేతులు జోడించాడు. "తప్పయింది భాయ్. ఈడ గుంట తవ్విన. నీకు చెప్పలె. పూడ్చి దాసిపెడ్దామనుకున్న. ఎంత పట్టుకుంటవో పట్టుకో."

చోటే మియా ముఖం పాలిపోయింది. "గుంట పూడ్చినవా అన్నా?"

"పూడ్చిన."

"యా అల్లా! గుంటున్నదనే గదా ఈయనను తోల్కొచ్చింది!"

అంజయ్య జంపఖానా వైపు చూస్తూ, టేపును మెల్లగా జేబులోకి నెట్టుకున్నాడు. "నేను గూడ నేస్త పెద్దనాయినా. నల్లగొండ సుట్టు మూడు నెలల సంది తిరుగుతున్న. మగ్గం అంటే ఇల్లిస్తమంటరు, గుంట అంటే తలుపేస్తరు. తవ్విన గుంట తయారుగున్నదంటే నా మగ్గం పడ్తదో లేదో కొలుద్దామని వచ్చిన. గిప్పుడు ఇది గుంట గాదు, మడి. నేనొస్త."

"ఆగు ఆగు!" చోటే మియా అతని చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత రామచంద్రం వైపు తిరిగాడు కానీ, ఆయన ముఖంలోకి చూడలేకపోయాడు. "అన్నా, నీ పదిహేను వేలు నా తాన లేవు. పోయినేడే ఖర్సయినయి. ఈయన అడ్వాన్సు ఇస్తే అవే నీకిద్దామనుకున్న."

అంటే గుంట లేకపోతే అంజయ్య లేడు. అంజయ్య లేకపోతే డిపాజిట్ లేదు. డిపాజిట్ లేకపోతే నల్లగొండ ఇల్లు లేదు. తన డబ్బును తన రెండు చేతులతో తానే పూడ్చిపెట్టానని బురదలో నిలబడ్డ రామచంద్రానికి అర్థమైంది.

"నాల్గున్నర బస్సు దాకా ఉంట," అన్నాడు అంజయ్య జాలిపడి. "గుంట అడుగు కనబడాలె. తడి రెండు దినాల్ల ఆరుతది. అడుగు కనబడితే పైసలిస్త."

రామచంద్రం అప్పటికే గుంటలో ఉన్నాడు కాబట్టి పని వెంటనే మొదలైంది. చోటే మియా ఒక నిమిషం గట్టు మీద నిలబడి చూశాడు. తర్వాత పైజామా మోకాళ్ళ పైకి మడిచి ఆయన కూడా దిగాడు. ఇరుకు గుంటలో ఇద్దరు పెద్దమనుషులు తలలు తగిలించుకుంటూ బురద ఎత్తుతుంటే, సుభద్రమ్మ, అఖిల తట్టలు అందుకుని పెరట్లో పోశారు.

"గుంటున్నదని ఎప్పటి సంది ఎర్క నీకు?" అని అడిగాడు రామచంద్రం తల వంచుకునే.

"మొదటి నెల సంది. ఫోన్‌ల నీ మాట కంటె మగ్గం సప్పుడే ఎక్వ ఇనబడ్తుండె. మగ్గమున్నదంటే గుంటుండదా?"

"మరి అడగకపోతివి?"

చోటే మియా తట్ట నింపి పైకి అందించాడు. "కప్పు కురుస్తదని నాకెర్కనే అన్నా. ఇల్లిచ్చినప్పుడే ఎర్క. నేను గుంట ఎత్తితే నువ్వు కప్పు ఎత్తుతవని భయపడ్డ. బాగు చేపిచ్చెతందుకు పైసలు లేవు. నీకు మొఖం సూపియ్యలేక రానే రాకపోతి."

"నేను గూడ గంతే భాయ్. కప్పు ఎత్తితే నువ్వు గుంట ఎత్తుతవని ఎత్తలె."

పైన తట్ట అందుకోబోయిన సుభద్రమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఏందేందీ?" అంది. "ఆరు వానకాలాలు తపేలలు పెట్టింది ఎవరు? అర్థరాత్రి లేసి నీళ్ళు ఎత్తిపోసింది ఎవరు? మీరిద్దరు మంచిగ ఒకరికొకరు సిగ్గుపడుకుంట కూసుంటిరి, నడుమ తడిసింది నేను! ఇద్దరు సిగ్గులేనోళ్ళుంటే గీ ఇల్లు ఎన్నడో బాగుపడుతుండె!" అని తట్టను అక్కడే వదిలి, కొంగు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గుంటలో ఉన్న ఇద్దరికీ తల ఎత్తే ధైర్యం లేకపోయింది. అందుకే పని తొందరగా సాగింది.

నాలుగింటికి అడుగు కనబడింది. అంజయ్య దిగి కొలిచాడు, తల ఊపాడు. డబ్బు పంపడానికి ఫోన్ తీసి, మళ్ళీ ఆగాడు. "కప్పు కురుస్తదంటిరి గదా. పట్టు నేసెటోన్ని. వానలు పడకముందే బాగు చేపిస్తనని మాటియ్యి సాబ్."

చోటే మియా సరే అన్నాడు. ఆరేళ్ళలో రామచంద్రం అడగలేనిదాన్ని అంజయ్య చెంబెడు నీళ్ళు తాగినంతసేపట్లో అడిగేశాడు. అతను దాచుకున్నదేమీ లేదు మరి. పదిహేను వేలు అంజయ్య ఫోన్‌లోంచి చోటే మియా ఫోన్‌లోకి, అక్కడినుంచి రామచంద్రం ఫోన్‌లోకి, అక్కడినుంచి నల్లగొండకు పోయాయి. ఏ ఫోన్‌లోనూ రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

అంజయ్య బస్సుకు పోయాక చోటే మియా కదలలేదు. బురద కాళ్ళతో గడప మీద కూర్చుని గడ్డం గోక్కున్నాడు. "కప్పుకు పైసలు జాహేదానే ఇయ్యాలె అన్నా. ఇల్లు ఆమెది. నేలకు చిన్న గీత గూడ పడలేదని ఆరేండ్ల సంది చెప్పుకుంటొస్తున్న. నువ్వే జర ఫోన్ చేసి చెప్పరాదు?"

"ఆమెకు మాటిచ్చి తప్పినోన్ని. నాకు నోరెట్ల వస్తది? నువ్వు చెప్పు."

"నేను ఆమె మొగన్ని. నాకసలే నోరు రాదు."

ఇద్దరూ అఖిల వైపు చూశారు. ఆమె ఫోన్ తీసి, కల్వకుర్తిలో ఉన్న చోటే మియా బిడ్డ జీనత్ నంబర్ అడిగి తీసుకుంది. "చెప్పు తాతా, మెసేజ్ రాస్తున్న."

రామచంద్రం చేతులు కడుక్కుని వచ్చి, గొంతు సవరించుకుని, ఒక్కో మాటా తూచి చెప్పాడు.

"అమ్మా జాహేదా, నీ ఇంట్ల గుంట తవ్వింది నేను. పూడ్చింది నేను. మళ్ళ తవ్వింది మేమిద్దరం. కప్పు ఆరేండ్ల సంది కురుస్తాంది, ఆ సంగతి మా ఇద్దరికి ఎర్కనే. నీకు చెప్పకపోవుడు తప్పే. రాసినవా? ఇగ కింద గిది రాయి. జీనత్ బిడ్డా, ఇది మీ అమ్మకు జర నిమ్మళంగ సదివి వినిపియ్యి. మీ నాయిన ఈడ మంచిగనే ఉన్నడు, ఇంటికి ఎన్నడు రావాల్నో మీ అమ్మనడిగి చెప్పు."