గొడుగు కింద సూర్య నమస్కారం

సూర్య నమస్కారాలను మించిన వ్యాయామం లోకంలో లేదు. ఒకరు చేస్తే ఇంకొకరికి చెమట పట్టే వ్యాయామం మరేదైనా ఉంటే చూపించండి! నైజాం రోజుల్లో, అచ్చంపేట దగ్గరి ఒక ఊళ్లో రఘుపతి దొర నమస్కారాలు చేస్తుంటే కురుమ బీరప్ప ఒళ్లు తడిసి ముద్దయ్యేది.

పొట్ట కరగాలంటే పొద్దున్నే సూర్యుడికి మొక్కాలని పట్నంలో వైద్యుడెవరో దొరకు చెప్పాడట. దొరకు పొద్దున అంటే ఎప్పుడు? ఊరి గొర్లన్నీ మేతకు పోయాక! అప్పటికి ఎండ చుర్రుమంటుంది. పాపం, దొరది సుకుమారమైన ఒళ్లు. అందుకని గొడుగు పట్టడానికి బీరప్పను వెట్టికి పిలిపించాడు. సూర్యుడికి కనబడకుండా సూర్యుడికి మొక్కే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది?

బీరప్ప ప్రాణం మాత్రం చెలకలో ఉంది. తొలకరి పడింది, నేల పదును మీదుంది. జొన్న విత్తనాల మూట పక్కన పెట్టుకుని, విత్తే గొర్రు దగ్గర భార్య గుర్వమ్మ ఎదురుచూస్తోంది. పదును ఆరితే ఆ ఏడు ఇంట్లో గింజ లేనట్టే.

"నీ బాంచన్ దొరా, ఒక్క పూట ఇడిసిపెట్టుండ్రి. ఇత్తనం పెట్టి ఉరికొస్త."

"నేను మొక్కేది ఎవని కోసంరా బీరిగా? మీ అందరి బాగుకే గద!"

ఎంత పెద్ద మనసో చూశారా! పొట్ట దొరది, పుణ్యం ఊరందరిదీ.

మర్నాడు ఇంకో చిక్కు వచ్చిపడింది. దొర ఉండే గడిలో ఆయన కన్నా ఎత్తున ఎవరూ ఉండకూడదు. మరి దొరే నేల మీద బోర్లా పడుకుంటే? గడ్డం నేలకానించి పైకి చూసిన దొరకు బీరప్ప మొహం ఎక్కడో ఆకాశంలో కనబడింది.

"నా మీదికెల్లి చూస్తవారా! గుంత తవ్వుకోని అండ్ల నిలబడు."

బీరప్ప వాకిట్లోనే గుంత తవ్వి, అందులో దిగి గొడుగు పట్టాడు. ఇంతటి మర్యాద ఏ దేశంలో ఉంది? దొర పొట్ట అంగుళమైనా తగ్గలేదు. గుంత మాత్రం రోజురోజుకూ లోతైంది. ఎంత తవ్వినా బీరప్ప తల దొరకు ఇంకా పైనే కనబడేది మరి!

గుర్వమ్మ ఒక్కతే గొర్రు కట్టబోయింది గానీ, ఎడ్లు ఆమె మాట వినలేదు. ఓ సాయంత్రం చెలక నుంచి పిడికెడు మన్ను తెచ్చి మొగుడి చేతిలో పోసింది. అది పొడిపొడిగా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. ఆ రాత్రి ఇద్దరూ అన్నం తినలేదు.

మర్నాడు దొర ఎప్పటిలాగే బోర్లా పడుకుని తల ఎత్తాడు.

"ఇంక జానెడు తవ్వురా బీరిగా."

బీరప్ప గొడుగు ముడిచి పక్కన పెట్టాడు. ఎండ దొర వీపు మీద పడింది.

"ఇంక జానెడు తవ్వితే బొందనే దొరా. ఇత్తనాలైతే భూమిల పెట్టనియ్యకపోతిరి. నన్నన్న పండవెట్టి పూడ్చుండ్రి."