రాఘవేంద్రప్రసాద్‌ను పూడ్చిన రోజు

ఆ గురువారం పొద్దున మధుసూదన్ అనుకున్న పనుల్లో తిరకాసు ఏమీ లేదు. ఎండ ముదిరేలోపు గిటారుకు ఎపాక్సీ పట్టించాలి, చేతులు కడుక్కోవాలి, ప్రొద్దుటూరుకు పోయిన భార్య నాగవేణి తిరిగొచ్చేసరికి ఇంత అన్నం వండిపెట్టాలి. అంతే.

జమ్మలమడుగులో తలుపులూ మంచాలూ చేసే వడ్రంగులకు కొదవ లేదు గానీ, చేత్తో గిటార్లు చేసేవాడు మధుసూదన్ ఒక్కడే. ఇంటి వెనక రేకుల షెడ్డులో, బల్లమీద ఆరు నెలల కష్టం పడుకుని ఉంది. పులివెందులలో గుడ్డల అంగడి నడిపే రాఘవేంద్రప్రసాద్ యాభై దాటాక గిటారు నేర్చుకోవాలని ముచ్చటపడి చేయించుకుంటున్న రోజ్‌వుడ్ గిటారు అది. ఇస్తానన్న గడువు ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఆ కొయ్యకు ఒళ్లంతా సూదిమొనలంత రంధ్రాలు. వాటిని పూడ్చకుండా వార్నిష్ వేస్తే పైన అంతా గుంటలు తేలతాయి. రెండు సీసాల ఎపాక్సీ మందు కలిపి, పాత ఏటీఎం కార్డుతో ఒత్తి ఒత్తి పట్టించాలి. కలిపాక ఇరవై నిమిషాలే టైము. ఆ తర్వాత గిన్నెలో మిగిలేది రాయి.

మధుసూదన్‌కు ఒక అలవాటు ఉంది. ఏ గిటారునైనా అది ఎవరికోసం చేస్తున్నాడో వాళ్ల పేరుతోనే పిలుస్తాడు. పని మొదలుపెట్టే ముందు, మందు అమ్మిన ప్రొద్దుటూరు జగదీష్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"అన్నా, రాఘవేంద్రప్రసాద్‌ను ఈ పొద్దే పూడుస్తాండా."

"తొందరగా కానీ. ఎండెక్కితే ఆగదు."

"ఒళ్లంతా రంధ్రాలేన్నా! శానా ఉండాయి."

"నిదానంగా పూడ్చు. అయినాక గుడ్డ కప్పు, ఈగలు వాల్తాయి."

"తెల్లగుడ్డ తెచ్చిపెట్టినాలే."

గోడ అవతల దిల్షాద్‌బీ కుట్టుమిషను టక్కున ఆగిపోయింది.

రెండు నిమిషాల్లో ఆమె షెడ్డు తలుపు దగ్గర నిలబడింది. సందులోంచి చూస్తే ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు, మెడనుంచి మోకాళ్లదాకా ప్లాస్టిక్ కవరు వేసుకుని మధుసూదన్ కనిపించాడు. ఏదో ఘాటు వాసన.

"మధూ, ఎవురికీ చెప్పకుండానే పూడుస్తాండావా?"

"దీనికి ఎవురికి చెప్పేది దిల్షాదక్కా? తలుపు తీయొద్దు, దుమ్ము పడతాది."

"వాళ్లింట్లోవాళ్లకన్నా?"

"పూడ్చినాక, నున్నగా గీకి, మెరుగుపెట్టి, పెట్టెలో పెట్టి ఇంటికే పంపిస్తా గదా!"

దిల్షాద్‌బీ గుండె పట్టుకుని వెనక్కి నడిచింది. మంచి మనిషి ఆమె. ఎవరైతేనేం, నలుగురు మనుషులు లేకుండా సాగనంపడం ఆమెకు మనసొప్పలేదు. వాడకట్టులో నాలుగిళ్లకు చెప్పింది. కొండాపురం కాలనీలో ఉండే నాగవేణి తండ్రి ఓబులయ్యకు ఫోన్ చేసింది. నాగవేణికీ చేసి, ఆ పేరుగలాయన పులివెందుల గుడ్డల అంగడి ఆయనని తెలుసుకుంది.

గిటారు వీపుకు ఒక గిన్నె అయింది. పక్కలకు రెండో గిన్నె కలిపాడో లేదో ఫోన్ మోగింది. మధుసూదన్ మోచేత్తో నొక్కాడు.

"ఏందయ్యా ఇది? ఏం చేస్తాండావు?" అని అరిచింది నాగవేణి.

"ఇప్పుడు మాట్లాడను గాదు నాగవేణీ! గట్టిపడిపోతాండాది. చేతికంతా అంటుకుంది, ఎంత తుడిచినా పోలే."

అవతల చిన్న కేక వినిపించి ఫోన్ ఆగిపోయింది. బస్సు కుదుపేమో అనుకున్నాడు మధుసూదన్. కుదుపు కాదు. కంగారులో మొగుడి అలవాటు గుర్తుకురాని నాగవేణి, కన్నీళ్లు తుడుచుకుని మరో మంచిపని చేసింది. పోయినాయన మనుషులకు తెలియాలి కదా అని పులివెందుల అంగడికి ఫోన్ కొట్టింది.

మూడో గిన్నె మెడకు సరిపోయింది. గిటారు చుట్టూ నాలుగు పుల్లలు నిలబెట్టి, తగలకుండా పైన తెల్లగుడ్డ కప్పి, మధుసూదన్ తలుపు తీశాడు. పెరట్లో పాతికమంది కూర్చుని ఉన్నారు. దిల్షాద్‌బీ టీ పోస్తోంది. అప్పుడే వచ్చిన నాగవేణి ఒక మూల ముక్కు చీదుతోంది. ఓబులయ్య చేతిలో బంతిపూల దండ.

"ఏంది మామా? అందరూ ఈడుండారే?"

ఓబులయ్య అల్లుడి భుజం తట్టాడు. "ధైర్యంగా ఉండప్పా. ఒక్కనివే ఎట్ల మోస్తావని వచ్చినాం."

మధుసూదన్ ఒకసారి షెడ్డులోకి, ఒకసారి మామ ముఖంలోకి చూశాడు. "మోసేదేముంది మామా? మూడు కిలోలు గూడ లేదు."

"అంత చిక్కిపోయినాడా!" అని ఓబులయ్య కళ్లనీళ్లు పెట్టుకుని, అల్లుడు ఆపేలోపు లోపలికి దూసుకెళ్లి, దండ తీసి ఆ తెల్లగుడ్డ మీద వేశాడు. పుల్లలు ఒరిగాయి. గుడ్డ దండతో సహా తడి ఎపాక్సీ మీద మెత్తగా కూర్చుంది.

"అయ్యో! ఆరు నెలలు మామా! ఆరు నెలలు!" అని మధుసూదన్ నెత్తి బాదుకున్నాడు. అది చూసి పెరడంతా ఒక్కసారిగా ఘొల్లుమంది.

ఈ గోల మధ్య చిట్టచివర, చెప్పులు విడిచి చేతులు కట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. తన గిటారు ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని వచ్చి, జనాన్ని చూసి బిక్కచచ్చి, అరగంటగా మర్యాదకు మౌనంగా ఉన్నాడు. మెల్లగా దిల్షాద్‌బీ వైపు వంగాడు.

"ఎవురమ్మా పోయింది?"

"పులివెందుల ఆయనంట. గుడ్డల అంగడి రాఘవేంద్రప్రసాద్."

ఆయన పులివెందుల అంగళ్లన్నీ వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. "పులివెందులలో ఆ పేరుతో గుడ్డల అంగడి ఉండేది నాకొక్కనికే కదమ్మా!"

"మీదీ అదే పేరా? పాపం," అని ఆమె టీ గ్లాసు అందించింది.

అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. అంగడి గుమాస్తా నారాయణ. ఆయన ఎత్తి హలో అన్నాడు.

"ఎవురు మాట్లాడేది? మా అన్న ఫోను నీ చేతికెట్ల వచ్చింది? ఎన్నింటికి పూడుస్తాండారు? షట్టర్లు దించేసినాం, ఇరవైమందిమి బయల్దేరతాండాం!"

"ఒరే, నేనేరా! రాఘవేంద్రప్రసాద్‌ను! బతికే ఉండాను!"

పెరట్లో ఏడుపు తెగిపోయింది. ఓబులయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. మధుసూదన్‌కు అప్పుడు, ఒక్కో మాటా వెనక్కి నడిచివచ్చి, విషయం తలకెక్కింది. పరుగున వెళ్లి గుడ్డ పట్టి లాగాడు. వీపునిండా నూలుపోగులు, బంతిరేకులు, మధ్యలో అర దండ. ఆ గిటారును చూడగానే రాఘవేంద్రప్రసాద్ కూలబడ్డాడు. తన చావుకు చెమర్చని కళ్లు ఇప్పుడు నిండాయి.

"మళ్లీ మొదటికొచ్చెనా మధుసూదనా?"

మధుసూదన్ వేలితో ఒక రేకును గిల్లి చూశాడు. ఇంకోటి గిల్లాడు. మెల్లగా నవ్వాడు.

"ఏం కాలేదన్నా. ఈ పైపూత ఎట్లాగూ గీకి పారేసేదే. రంధ్రాల్లో దిగింది మాత్రం ఆడే ఉంటాది. పూలూ పోగులూ రేపు ఉప్పుకాగితంతో రుద్దితే పోతాయి."

నాగవేణి కళ్లు తుడుచుకుని పాతికమందికి బియ్యం కడిగింది. రాఘవేంద్రప్రసాద్ తృప్తిగా తిన్నాడు, మధ్యమధ్య అంగడికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అయినా ఆ రోజు షట్టర్లు లేవలేదు. సెలవు ప్రకటించాక యజమాని బతికిరావడం పద్ధతి కాదని నారాయణ అభిప్రాయపడ్డాడు.