కారం బస్సు కప్పు మీద ఫ్యాన్లు

ఆ ఉదయం ఆదినారాయణ అనుకున్న పని చాలా చిన్నది. ప్రొద్దుటూరులో మెకానిక్ నాసిర్ షెడ్డుకు వెళ్లి బస్సు కప్పుకు రెండు ఫ్యాన్లు బిగించుకోవాలి. ఎండ ముదరకముందే జమ్మలమడుగు చేరి కారం ఆడించాలి. పాత ప్రైవేటు బస్సులో సీట్లు పీకేసి, మిరపకాయల మిల్లు పెట్టుకుని, ఆయనా భార్య వసంతమ్మా ఊరూరా తిరుగుతున్నారు. మిల్లు తిరిగినంతసేపూ లోపల ఘాటు నిలిచిపోయి ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. "గాలి పోయే దోవ పెట్టకపోతే నేను బస్సెక్కేదే లేదు," అని వసంతమ్మ తేల్చి చెప్పేసింది.

నాసిర్ కప్పుకు గుండ్రంగా కన్నాలు కోసి, ఫ్యాన్లు కూర్చోబెట్టి, వాన దిగకుండా చుట్టూ రబ్బరు బిగించాడు.

"ఘాటు రవ్వంత గూడా నిలబడదన్నా. అంతా పైకి పీకి అవతల పారేస్తాయి," అన్నాడు.

అవతల అంటే ఎక్కడ అని ముగ్గురిలో ఒక్కరూ ఆలోచించలేదు.

జమ్మలమడుగులో నీడ చూసుకుని ఒక బడి ప్రహరీ పక్కన బస్సు ఆపారు. గోడకు అవతల షామియానా కింద హెడ్మాస్టరు గురురాజారావు పదవీ విరమణ సభ జరుగుతోంది. ఆయన బెత్తం తగలని పిల్లవాడు గానీ, ఆయన సంజాయిషీ అడగని టీచరు గానీ ఆ బడిలో లేరు. అందుకే సభకు ఒక్కరూ మానకుండా వచ్చారు.

వసంతమ్మ మిల్లుతో పాటు ఫ్యాన్లూ వేసింది. బస్సులో ప్రాణం హాయిగా ఉంది. గోడకు అవతల పిల్లలు ముక్కులు ఎగబీల్చడం మొదలుపెట్టారు. "మీరు లేని ఈ బడిని ఊహించలేం సార్," అంటూ తెలుగు టీచరు గొంతు పట్టేసి కూలబడ్డాడు. డ్రిల్లు మాస్టారు తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. అది మిరప ఘాటని కనిపెట్టినవాళ్లు కూడా, ఆ మాట హెడ్మాస్టరుతో చెప్పే ధైర్యం లేక ఊరుకున్నారు.

ఆదినారాయణ గోడ మీదుగా తొంగిచూశాడు.

"ఎవురో శానా పెద్దాయప్ప పోయినట్టుండాడే! చిన్నాపెద్దా అంతా ఏడుస్తాండారు. వాళ్ల దుఃఖంలో మన ఘాటు ఎందుకు గానీ, తలుపులు, కిటికీలు మూసి ఫ్యాన్లు ఫుల్లుగా పెట్టు," అని భార్యకు చెప్పి, పరామర్శకు బయలుదేరాడు.

గేటు దగ్గర ఒక పెద్దావిడ కళ్లొత్తుకుంటోంది. ఆమె హెడ్మాస్టరు భార్య మీనాక్షి.

"పెద్దాయన ఎప్పుడు పోయినాడమ్మా?"

"ఇంకా పోలేదు నాయనా. సాయంత్రం పోతాం, ఇద్దరమూ."

ఆదినారాయణ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఇద్దరూనా! ముందే తెలుసా తల్లీ?"

"ఏడాదిగా కాసుకోనుండా. పులివెందుల్లో మా అక్కచెల్లెళ్ల పక్కనే ఇల్లు తీసుకున్నాం. సామాన్ల లారీ కూడా పంపించేసినాం. ఆడికి పోతేనన్నా ఈయన బడిని మరిచి నాతో నాలుగు మాటలు మాట్లాడతాడని."

ఆదినారాయణకు విషయం అర్థమవుతుండగానే పెద్ద తుమ్ము వచ్చింది. తలెత్తి చూస్తే, బస్సు కప్పు మీది నుంచి ఎర్రటి పొగ లేచి నేరుగా షామియానా మీదికి దిగుతోంది. ఆయన బస్సు వైపు పరుగెత్తాడు.

ఈలోగా గురురాజారావు మైకు అందుకున్నాడు.

"నేను పోతే మీరు పండగ చేసుకుంటారనుకున్నాను. మీ కన్నీళ్లు నా కళ్లు తెరిపించాయి," అన్నాడు, కళ్లు తెరవలేకపోతూనే. "నేను పులివెందుల వెళ్లడం లేదు. జీతం లేకుండా రోజూ బడికి వస్తాను. ఆదివారాలు కూడా!"

ఫ్యాన్లు ఆపించిన ఆదినారాయణ రొప్పుతూ వేదిక ఎక్కాడు. "సార్, అది ఏడుపు గాదు సార్, మా..." అనేలోపు మళ్లీ గొంతు పట్టేసింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

హెడ్మాస్టరు ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. "ఏ బ్యాచి నాయనా నువ్వు?"

సభంతా ఆశగా ఆదినారాయణ వైపు చూసింది. వెనక నుంచి మీనాక్షి, చెప్పు చెప్పు అని చెయ్యి ఊపింది. ఆదినారాయణ నోరు తెరిచాడు. ఎదురుగా ఆ ముసలి ముఖం చంటిపిల్లాడిలా వెలిగిపోతోంది.

"పాత బ్యాచి సార్," అన్నాడు.

మీనాక్షి ఉన్నచోటే కూలబడింది. వాళ్ల సామాన్ల లారీ అప్పటికి ముద్దనూరు దాటి ఉంటుంది.

గాలి తేటపడి ఘాటంతా పోయింది. సభలో అసలు ఏడుపు అప్పుడు మొదలైంది.