ఛార్జరు మరణ ధ్రువీకరణ పత్రం

ఒక నాగరికత ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవడానికి దాని వంతెనలూ రాకెట్లూ చూడనక్కర్లేదు. చెడిపోయిన లాప్‌టాప్ ఛార్జరు స్థానంలో ఇంకొకటి రావడానికి ఎన్ని పేజీలు నింపాలో చూస్తే చాలు. ఆ లెక్కన మనం చాలా ముందున్నాం.

కోలారు బంగారు గనుల ఊరు కేజీయఫ్‌లో, చాంపియన్ రీఫ్ అనే పేటలో నేత్ర అనే అమ్మాయి ఉంది. ఒక బెంగళూరు కంపెనీకి (పేరు బయటపెట్టకూడదని ఆమె ఒప్పందంలో ఉంది కాబట్టి నేనూ పెట్టను) మూడేళ్లుగా ఇంటి నుంచే పని చేస్తోంది. వినియోగదారుల ఫిర్యాదులకు ఇరవై నాలుగు గంటల్లోపు జవాబివ్వడం ఆమె ఉద్యోగం. ఆ ఊళ్లో ఉద్యోగస్తులంటే తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయేవాళ్లు. ఇంట్లో కూర్చుని అదే పని చేసే నేత్ర అంటే గని కార్మికుల ఆ లైన్ ఇళ్లన్నిటికీ గౌరవం. వచ్చే నెల టీం లీడరు కూడా కావలసింది.

సోమవారం పొద్దున పదిన్నరకు ఛార్జరు టప్పుమని, కాస్త కమురు వాసన వదిలి, ఊరుకుంది. బ్యాటరీ ముప్పై ఒక్క శాతం ఉంది.

నేత్ర కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. కేశవ అనే సహాయక అధికారి (విద్యుత్ ఉపకరణాలు, దక్షిణ విభాగం) ఎత్తాడు.

"తప్పకుండా కొత్తది పంపిస్తాం మేడమ్. లాప్‌టాప్‌లో ఫారం ఉంటుంది, నింపండి."

"ఫోన్లో నింపొచ్చా సార్? బ్యాటరీ తక్కువ ఉండాది."

ఆ 'ఉండాది' చెవిన పడగానే కేశవ గొంతు మారిపోయింది. "మీది యాడమ్మా, కేజీయఫా? మాది పక్కనే బేతమంగళ! మా చిన్నాయన మైన్స్‌లోనే పని చేసినాడు."

బేతమంగళ చెరువు ఈసారి నిండిందా లేదా అని కాసేపు మాట్లాడుకున్నారు. (బ్యాటరీ ఇరవై ఏడు.) తర్వాత కేశవ ఎంతో అభిమానంగా చెప్పాడు: "ఫోన్లో కాదమ్మా. లాప్‌టాప్‌లోనే నింపల్ల."

ఫారం తొమ్మిది పేజీలు. గత ఆరు నెలల్లో ఛార్జరు ప్రవర్తన ఎలా ఉండేది? తీగను చుట్టినప్పుడు ఎన్ని చుట్లు చుట్టారు? దాని మీద చెయ్యి పెట్టినప్పుడు మీకేమనిపించేది? ఏడో పేజీలో, ఛార్జరు చక్కగా పని చేస్తుండగా ఈ రోజు తీసిన ఫోటో జత చేయమన్నారు. తొమ్మిదో పేజీలో, అది పని చేయడం లేదని అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియన్ ముద్ర వేసిన ధ్రువీకరణ అడిగారు. (రెండూ తప్పనిసరి.)

నేత్ర నాన్న జయరాం గనిలో లాంప్ రూములో పని చేసినవాడు. దిగే ప్రతి మనిషికీ తల మీద పెట్టుకునే దీపం ఛార్జు చేసి ఇవ్వడం ఆయన పని. ఫారం చూసి ఆయనకు నవ్వొచ్చింది.

"మా కాడ లైటు చెడిపోతే టోకెను చూపించి ఇంకోటి తీసుకొని దిగిపోయేవాళ్లు. అర నిమిషం. ఇంగ ఫారమెందుకు?"

"అది మైన్సు నాయనా. ఇది కంపెనీ."

ఇద్దరూ రాబర్ట్‌సన్‌పేటలో మునేష్ రిపేరు అంగడికి వెళ్లారు. మునేష్ మీటరు పెట్టి చూసి, "పోయిందమ్మా" అని కాగితం మీద రాసి అంగడి ముద్ర గుద్దాడు. నేత్ర పని ఆగకూడదని వేరే ఛార్జరొకటి చేతికిచ్చాడు.

"వోల్టు సరిగ్గా అంతే ఉండల్ల. ఆంపియరు అంతే ఉండొచ్చు, ఎక్కువుండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను బిగువుగా కూచోవల్ల. వైరు మెడ కాడ మడచద్దు. దిండు మీద పెట్టద్దు, గాలి తగలనీ. అంతేమ్మా."

(ఇదే విషయం మీద కంపెనీ ప్రతి ఏడాదీ నాలుగు గంటల శిక్షణ ఇస్తుంది. అందులో ఛార్జరు చరిత్రకే ఒక గంట.)

ఇంటికొచ్చి నేత్ర ధ్రువీకరణ జత చేసింది. పని చేస్తున్న ఛార్జరు ఫోటో కోసం, పాతదాన్ని గోడకు తగిలించి వీలైనంత ఉత్సాహంగా కనిపించేలా తీసింది. ఫారం కంపెనీకి వెళ్లింది. 'పది పనిదినాల్లో పరిశీలిస్తాం' అని జవాబొచ్చింది. ఆ తర్వాత మునేష్ ఇచ్చిన ఛార్జరు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. తెర మీద అక్షరాలు కూడా వెలిగాయి: 'అపరిచిత విద్యుత్తు గుర్తించబడింది. మీ క్షేమం కోరి లాప్‌టాప్‌కు తాళం వేస్తున్నాం.'

"బయట ఛార్జరు పెట్టినారా?" ఫోన్లో కేశవ నిజంగానే బాధపడ్డాడు. "అది సెక్యూరిటీ వాళ్లకి పోయిందమ్మా. కంపెనీ ఛార్జరు తగిలిస్తేనే తాళం ఊడుతుంది. ఇంగ నా చేతిలో లేదు."

"ఆఫీసుకే వచ్చేస్తాను సార్."

"రాండమ్మా. గేట్ పాస్ మాత్రం లాప్‌టాప్‌లోనే తీసుకోవల్ల."

మంగళవారం, బుధవారం, గురువారం నేత్ర ఎనిమిది మందికి ఫోన్ చేసింది. ఎనిమిది మందీ మర్యాదగా మాట్లాడి, ఆమె చెప్పింది రాసుకున్నారు. మూడు రోజులు వరుసగా లాగిన్ కానివాళ్లు స్వయంగా రాజీనామా చేసినట్టు భావించాలని కంపెనీ నియమం. శుక్రవారం పొద్దున తొమ్మిదికి ఆమె ఫోనుకి సందేశం వచ్చింది: 'మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం.'

నేత్ర దాన్ని రెండుసార్లు చదివి, ఫోను బోర్లా పెట్టి, గిన్నెలు కడగడానికి పోయింది. కడిగినవే మళ్లీ కడుగుతోందని జయరాం చూశాడు. చూసి, పక్కన నిలబడి ఒక్కొక్కటే తుడిచి పెట్టాడు.

పదకొండున్నరకు వసంత్ అనే అతను బెంగళూరు నుంచి బండి మీద వచ్చి తలుపు తట్టాడు. కంపెనీ ఆస్తుల స్వాధీన విభాగం. ఛార్జరు సంగతి పరిశీలించడానికే పది పనిదినాలు పట్టే చోటి నుంచి, అతను రెండున్నర గంటల్లో వచ్చాడు. మంచినీళ్లు తాగి, లాప్‌టాప్ తీసుకుని, పని చేస్తోందో లేదో చూడాలని సంచిలోంచి కొత్త ఛార్జరు తీసి తగిలించాడు. పిన్ను బిగువుగా కూచుంది. తాళం ఊడింది, తెర వెలిగింది. సంచిలో అలాంటివి ఇంకో ఆరు ఉన్నాయి.

జయరాం వంగి సంచిలోవాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ఏమప్పా, వీటిలో ఒకటి సోమవారం పంపించుంటే అయిపోయేది కదా?"

"లేదు సార్," అన్నాడు వసంత్, చాలా వినయంగా. "ఇవి ఉద్యోగం పోయినోళ్లకి మాత్రమే. ఉద్యోగంలో ఉండేవాళ్లకి ఇచ్చేదానికి మాకు పర్మిషన్ లేదు."