జరగని ఎన్నిక ఖర్చు

ఈసారి స్థానిక ఎన్నికలు ప్రభుత్వానికి ఒక్క లీరా ఖర్చు లేకుండా జరుగుతాయని మా జిల్లా అధికారి వాజిహ్ బేక్ మైకు పట్టుకుని ప్రకటించారు. బికా లోయంతా చప్పట్లు కొట్టింది. ఖర్చు ఊళ్లే పెట్టుకుంటాయి. ప్రభుత్వం పరిపాలనా రుసుము మాత్రం పుచ్చుకుంటుంది. ఇంత నిస్వార్థమైన ప్రభుత్వం మరెక్కడా ఉండదని నా రొట్టెల పొయ్యి దగ్గరికి వచ్చినవాళ్లందరికీ చెప్పాను.

మా ఊరు ఐన్ జుర్దాలో మాత్రం చప్పట్లు కాస్త ఆలస్యమయ్యాయి. వేసవి మొదట్లోనే ఊరబావి మోటారు కాలిపోయింది. కొత్త మోటారుకని మునిసిపాలిటీ దాచిన డబ్బే ఎన్నికకూ దిక్కు. ట్యాంకరు నీళ్లు కొనలేని ఉమ్ షాహిర్ అత్త, మోకాళ్ల నొప్పులతోనే వాగు నుంచి డబ్బాలు మోస్తోంది. చివరికి ఆవిడే, పదవుల కోసం తరతరాలుగా కొట్టుకునే రెండు వంశాల పెద్దలనూ కూర్చోబెట్టి కడిగి పారేసింది.

"మీ మీసాలు పోటీకి దిగితే ఓడేది నా మోకాళ్లురా! తొమ్మిది కుర్చీలకు తొమ్మిదిమందే నిలబడి చావండి."

నిలబడ్డారు. ఏకగ్రీవం. జర్దాన్లూ షమ్మూత్లూ మూడు తరాల తర్వాత ఒకరి చెంపలు ఒకరు ముద్దాడారు. అబూ ముతైబ్ మేయరయ్యాడు. మోటారు తేవడానికి పికప్పు వ్యాను కూడా కడిగి పెట్టారు.

అంతలో వాజిహ్ బేక్ కారు దిగారు. అభినందించడానికే అనుకున్నాం. మేయరు స్వయంగా కాఫీ పోశాడు. బేక్ గారు కప్పు అందుకుని, తాగకుండా ముందు పెట్టుకున్నారు.

అతిథి కాఫీ ముట్టలేదంటే ఏదో కోరిక ఉన్నట్టే. అదేమిటని అడిగేవాడికి పరువుండదు, ముందు సరే అనాలి. పెళ్లి సంబంధం కాబోలని నేనూ ముందుకు వంగాను.

"తాగండి బేక్ గారూ, మీ కోరిక తీరినట్టే," అన్నాడు మేయరు గుండె మీద చెయ్యేసుకుని.

"మాట ఇచ్చినట్టేనా?"

"నా గడ్డం మీద ఒట్టు!"

బేక్ గారు చుక్క మిగల్చకుండా తాగి, జేబులోంచి ఎన్నికల పరిపాలనా రుసుము బిల్లు తీశారు.

మేయరు చదివి తెల్లబోయాడు. "మా ఊళ్లో ఎన్నికే జరగలేదు కదండీ?"

"అందుకే రెట్టింపు. జరిగే ఎన్నికను జనమే జరుపుకుంటారు. జరగనిదాన్ని పాపం మేమొక్కళ్లమే జరపాలి. పెట్టెలు ఖాళీగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఇద్దరు, ఆ ఇద్దర్నీ చూడ్డానికి ఒకడు."

"మరి ఈ సిరా?"

"ఎండిపోయింది. ఒక్కరూ వేలు ముంచకపోతే ఎండిపోదూ?"

"జనాన్ని అదుపు చేసినందుకు పోలీసులకు బహుమానమా?"

"ఒక్కడైనా వచ్చాడా? చూశారా, ఎంత బాగా అదుపు చేశారో!"

నాకు ఒళ్లు పులకరించింది. పరిపాలన ఇంత లోతైనదని తెలియక ఇన్నాళ్లూ రొట్టెలు కాల్చుకుంటూ కూర్చున్నాను.

"అది మోటారు డబ్బు నాయనా," అంది అత్త. "మిగలాలనే వీళ్లందరి గడ్డాలూ పట్టుకు బతిమాలాను."

"మంచి పని చేశావమ్మా. నువ్వు మిగల్చకపోతే నాకేం దొరికేది?"

మాట ఇచ్చాక ఇచ్చినట్టే. మేయరు డబ్బు సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. బేక్ గారు లెక్కపెట్టి, మావైపు జాలిగా చూశారు.

"సగానికే వచ్చింది. ఫర్వాలేదు, మీరు పరాయివాళ్లా? మిగతాది వాయిదాల్లో కట్టండి. ఆరేళ్లు గడువిస్తున్నా."

"ఆరేళ్లా! మా పదవీకాలమే ఆరేళ్లు," అన్నాడు మేయరు.

అత్త గోడ పట్టుకుని మెల్లగా లేచింది. "పోనీ, ఆ తర్వాతైనా మోటారు కొనుక్కోవచ్చా బాబూ?"

"ఆ తర్వాత మళ్లీ ఎన్నికలు కదమ్మా," అన్నారు బేక్ గారు ఎంతో ఓర్పుగా.