మోకాలికి నొప్పి, తొడకి ఫోటో

డాక్టర్లకి దేవుడు వేళ్ళు ఎందుకిచ్చాడన్నది ఏళ్ళ తరబడి నన్ను తొలుస్తున్న అనుమానం. ఆయన అనవసరంగా ఏదీ ఇవ్వడని నా నమ్మకం. ఇన్నాళ్ళకి తేలింది. మౌస్ పట్టుకోవడానికి!

మా ఆవిడకి ఎడమ మోకాలు నొప్పి. దేవుడి ముందు కూర్చుంటే లేవలేదు. లేవలేనని కూర్చోవడమే మానేసింది. పాతకాలం డాక్టరైతే ఏం చేసేవాడు? "ఇక్కడా? ఇక్కడా?" అంటూ నొక్కి, అబ్బా అనిపించేవాడు. ఎంత అనాగరికం! ఈ కొత్తాయన మర్యాదస్తుడు. ఆవిడ మొహం కూడా చూడలేదు. తొడకి అల్ట్రాసౌండ్ రాశాడు.

"నొప్పి మోకాలికి కదండీ?" అంది మా ఆవిడ.

"మోకాలిని కాసేది తొడ కండరమేనమ్మా," అన్నాడు కంప్యూటర్ వైపు చూస్తూ.

నిజమే కావచ్చు. సైన్సుని కాదనడానికి నేనెవర్ని?

చిన్న గది. చల్లటి జెల్. "అమ్మా, కాలు బిగించొద్దు. అస్సలు కదపకండి," అంది టెక్నీషియన్. తెర మీద మబ్బులు. నల్లగా ఉంటే కండట, తెల్లబడితే కొవ్వు చేరినట్టట. కండ మందం ఇరవై నాలుగు మిల్లీమీటర్లు! ముప్ఫై ఏళ్ళు కాపురం చేసి నేనేనాడైనా కొలిచానా?

"మూడు నెలలాగి రండి, ఎంత తగ్గిందో చూద్దాం," అన్నాడు డాక్టరు.

నొప్పా, కండా అని అడగబోయి ఊరుకున్నాను. పెద్ద చదువుల వాళ్ళు!

మూడు నెలలకి వెళ్ళాం. ఇరవై ఒకటి! మూడు మిల్లీమీటర్ల నష్టాన్ని ఎంత కచ్చితంగా పట్టుకుందో చూశారా యంత్రం? డాక్టరు సంబరంగా గీతలు చూపించాడు.

"వ్యాయామం చెయ్యడం లేదా?"

"మీవాళ్ళే కదపొద్దన్నారుగా, డాక్టరుగారూ! కాలు కింద పెడితే ఒట్టు," అంది మా ఆవిడ.

ఆ మూడు నెలలూ నా వంట తిన్న మనిషి అబద్ధమాడదు. ఫోటో చెదరకుండా ఉండాలని టెక్నీషియన్ అన్న మాట అది. అంత పెద్ద ఆసుపత్రిలో, ఏం చెయ్యాలో ఆవిడకి ఎవరైనా చెప్పిన మాట కూడా అదొక్కటే! శ్రద్ధగా పాటించింది. నేనూ వంతపాడాను.

డాక్టరు ఏం చేశాడు? ఇంకో స్కాన్ రాశాడు.

జెల్ తుడిచే ఆయా మాత్రం మమ్మల్ని గుమ్మం దగ్గర ఆపింది. చేత్తో తొడ తట్టి చూసింది. "తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని అదిమి పట్టమ్మా. పది అంకెలు, రోజూ. అయ్యగారూ, మీరు లెక్కపెట్టండి. లేకపోతే ఈవిడ ఆరుకే వదిలేస్తుంది."

యంత్రం మీద నాకు కోపం లేదు. అది చూసింది, చెప్పింది. విన్నవాడే ఆవిడకి చెప్పలేదు.

ఎనిమిదేళ్ళ కిందట నా కాలు విరిగి, కట్టు విప్పాక, నెలన్నర పాటు రోజూ పక్కన కూర్చుని నాకు అంకెలు లెక్కపెట్టింది మా ఆవిడే. ఆ అంకెల అప్పు ఇప్పుడు తిరిగి కడుతున్నాను.

"ఆరు, ఏడు, తొమ్మిది..."

"ఎనిమిది ఎగ్గొడతారేంటండీ?" అంది పళ్ళ బిగువున. "నేను మీకు అన్నీ ఇచ్చాను."

ఎనిమిది, తొమ్మిది, పది. ఇచ్చేశాను.