రూల్లో అమ్మమ్మ లేదు

మానవజాతి కష్టాల్లో సగం పరుగెత్తడం వల్ల వచ్చినవేనని లీగు నియమాల కమిటీ మార్చి నెలలో ఒక మంగళవారం, మధ్యాహ్న భోజనానికి కాస్త ముందు, ఏకగ్రీవంగా కనుగొంది. ఆ రోజుతో వెల్బర్న్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కిక్‌ఆఫ్‌ను కోల్పోయింది.

కోల్పోయింది అనకూడదట. కిక్‌ఆఫ్ "సరళీకృతమైంది" అనాలని మరునాడు ఇంకో కాగితం వచ్చింది.

అంతకుముందు ఆట మొదలు కావాలన్నా, పాయింట్లు పడ్డాక మళ్ళీ సాగాలన్నా అవతలి జట్టు బంతిని ఆకాశంలోకి తన్నేది. ఇవతల మైదానం చివర నిలబడ్డవాడు దాన్ని పట్టుకుని, తన మీదికి దూసుకొచ్చే పదకొండుమందిని తప్పించుకుంటూ వీలైనంత దూరం పరుగెత్తేవాడు. అందులో ఎముకలు విరిగేవి. అది నిజమే, ఎవరూ కాదనలేదు. కొత్త నియమం ప్రకారం అతను తలపైకి చెయ్యెత్తి ఊపితే చాలు. ఈల మోగుతుంది. బంతిని మోసుకెళ్ళి ఇరవై ఐదు గజాల గీత మీద పెడతారు. అంతదూరం పరుగెత్తినట్టే లెక్క. (ఆయాసం కూడా వచ్చినట్టేనా అన్నది కమిటీ తేల్చలేదు.) ఊపేది పట్టుకునేవాడే కానక్కర్లేదు. అతని జట్టులో ఎవరి చెయ్యి ఊగినా చాలు, ఆట అక్కడితో ఆగిపోతుంది.

వెల్బర్న్‌లో కిక్‌ఆఫ్ వ్యవహారాలు చూసే కోచ్ లైల్ బెకర్. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతకు నెల ముందే ఆయన భార్య ఆర్లీన్ పోయింది. ఆ విషయం కమిటీ పరిధిలోకి రాదు.

ఈ నియమం వల్ల నష్టపోయిన మనిషి నిజానికి ఒక్కరే. ఆమె ఎప్పుడూ ఫుట్‌బాల్ ఆడలేదు. పేరు లొరెట్టా మాబ్రీ. ఊళ్ళోని స్కూలు వంటగదిలో ముప్పై ఏళ్ళు వండి వార్చి రిటైరైంది. ఆమె మనవడు డోరియన్ మూడేళ్ళుగా వేరేవాడి వెనకే నిలబడి, ఈ చివరి ఏడాదికి బంతి పట్టుకుని పరుగెత్తే చోటు సంపాదించాడు. ఆమె చూపేమో రోజురోజుకీ తగ్గిపోతోంది. క్రిస్మస్ దాటితే తను హామీ ఇవ్వలేనన్నాడు కళ్ళ డాక్టరు. ఇన్నాళ్ళూ మైదానంలో ఏం జరుగుతోందో పక్కన కూర్చుని చెప్పింది ఆర్లీనే.

ఆగస్టులో లొరెట్టా కిరాణా దుకాణం దగ్గర బెకర్‌ను పట్టుకుంది.

"ఏం లైల్, ఈ ఏడాదైనా మావాణ్ణి పరుగెత్తిస్తావా? నేను పూర్తిగా గుడ్డిదాన్నయ్యాక పెట్టుకున్నావా ముహూర్తం?"

"రూలు మారిందండీ లొరెట్టాగారూ. ఇప్పుడంతా చెయ్యి ఊపడమే."

"చెయ్యి ఊపడానికి కాలేజీ చదువెందుకయ్యా? బస్‌స్టాపులో నేర్చుకోవచ్చుగా!"

"ఒక్కసారి. ఒక్క కిక్‌ఆఫ్ మీరు చూసేలా చేస్తాను," అన్నాడు బెకర్.

ఆయన మాట ఇచ్చే రకం కాదు. ఆ రాత్రి ఇంటికెళ్ళాక ఎందుకిచ్చానా అని చాలాసేపు ఆలోచించాడు.

ప్రధాన కోచ్ డనింగ్ లెక్కల మనిషి. పరుగెత్తినవాళ్ళలో ఎక్కువమంది ఇరవై ఐదు గజాల గీత కూడా చేరరు కాబట్టి ఊరికే వచ్చేదాన్ని కష్టపడి పోగొట్టుకోవద్దని ఆయన సిద్ధాంతం. బెకర్ బతిమాలితే మొదటి మ్యాచ్‌లో మొదటి బంతికి మాత్రం సరేనన్నాడు.

డోరియన్‌కి స్కూలు రోజుల నుంచీ ఒక అలవాటు. మైదానంలో తన చోటికి వెళ్ళగానే కుడిచెయ్యి పైకెత్తి రెండుసార్లు ఊపుతాడు. లొరెట్టాకి మనుషులు మసకగా కనిపించినా ఆ ఊపు తెలుస్తుంది. "దొరికావు," అని తనలో తను అనుకుని, ఆపైన ఆ మసక మీదే కళ్ళు నిలుపుతుంది. ఆ రోజూ డోరియన్ ఊపాడు. బంతి గాల్లోకి లేచింది. పట్టుకుని రెండడుగులు వేశాడో లేదో ఈల మోగింది.

"చెయ్యి ఊపావు," అన్నాడు రెఫరీ.

"అది రూలుకి కాదండీ, మా అమ్మమ్మకి!"

"ఎవరికైతేనేం, ఊపావా లేదా?"

"ఊపాను. అయినా బంతి తన్నకముందే కదండీ!"

"ముందా వెనకా అని రూల్లో లేదు. అమ్మమ్మా లేదు."

బెకర్ గీత దగ్గరకు పరుగెత్తుకొచ్చి, చెయ్యి ఊపడానికీ పలకరించడానికీ తేడా ఉందని వాదించాడు. రెఫరీ ఓపిగ్గా విని, ఆ తేడా ఏమిటో రాతపూర్వకంగా అడగమన్నాడు.

అడిగారు. లీగులో ఆటగాళ్ళ సురక్షిత ప్రవర్తనా విభాగం ఉపాధ్యక్షుడు డాక్టర్ ప్రెంటిస్ వోమాక్ మూడు వారాలు శ్రమించి "ప్రేమపూర్వక హస్తచాలనంపై మార్గదర్శకాలు" వెలువరించాడు. వాటి ప్రకారం ఆటగాడు రక్తసంబంధీకులకు, వివాహసంబంధీకులకు, "ఆ రెండూ కాబోయేవారికి" మైదానం నుంచి చెయ్యి ఊపరాదు. ప్రత్యామ్నాయాలుగా తల పంకించవచ్చు, చిరునవ్వు నవ్వవచ్చు (హెల్మెట్ లోపల), లేదా సంబంధిత వ్యక్తిని మనసులో తలచుకోవచ్చు. ప్రేక్షకులు ఊపడంపై నిషేధం లేదు. అయితే ఆవాల సాసు సీసా కోసం హాట్‌డాగ్‌ల కొట్టువాడిని చెయ్యి ఊపి పిలిచేవాళ్ళు కాస్త వంగి ఊపాలి.

ఇంకేముంది, జట్టు చెయ్యెత్తడం నేర్చుకోసాగింది. రోజూ సాయంత్రం బెకర్ ఆటగాళ్ళను వరసగా నిలబెట్టి చేతులు ఎత్తించేవాడు. మోచెయ్యి వంగకూడదు. వేళ్ళు విప్పి ఉండాలి. మొహంలో లొంగిపోయిన భావం ఉండకూడదు.

"కోచ్, బంతి కూడా పట్టుకోవాలా?" అని అడిగాడు ఒక కొత్త కుర్రాడు.

"పట్టుకోవడం ఇంకా రద్దు చెయ్యలేదు నాయనా. పట్టుకో."

అక్టోబరుకల్లా చెయ్యి అదేపనిగా ఊపడం వల్ల ఇద్దరికి భుజాలు పట్టేశాయి. వాటిని కిక్‌ఆఫ్ గాయాలుగా పరిగణించరాదని వోమాక్ కార్యాలయం వెంటనే స్పష్టం చేసింది.

లొరెట్టా ప్రతి శనివారం వస్తూనే ఉంది. అదే బల్ల మీద కూర్చునేది. పక్క చోటు ఖాళీగా ఉండేది. ఎవరైనా కూర్చోబోతే తన దుప్పటి అక్కడ పరిచేది.

ఊళ్ళో చివరి మ్యాచ్ నవంబరులో. ఆటలో చివరిదైన నాలుగో భాగానికి వచ్చేసరికి వెల్బర్న్ ఎంత వెనకబడిందంటే లెక్కల మనిషి డనింగ్ లెక్క పెట్టడం మానేశాడు.

బెకర్ ఆయన పక్కన చేరాడు. "ఈ ఒక్కటి పరుగెత్తనివ్వండి."

"పరుగెత్తించుకో. ఇంకేం మునుగుతుంది?"

బెకర్ డోరియన్ హెల్మెట్ పట్టుకుని దగ్గరకు లాక్కున్నాడు. "ఒరేయ్, చెయ్యి ఎత్తావంటే విరగ్గొడతాను. అమ్మమ్మకైనా సరే, దేవుడికైనా సరే."

"ఊపకపోతే నన్నెలా పోల్చుకుంటుంది కోచ్? అక్కడ పదకొండుమంది ఒకే చొక్కాలో ఉంటారు."

"పరుగెత్తేవాడివి నువ్వే. పోల్చుకుంటుంది."

డోరియన్ రెండు చేతులూ తొడలకు అంటించుకుని తన చోటికి వెళ్ళాడు. అతనికి ముందు అడ్డుగా నిలబడేవాడు బక్ హెండ్లీ. ఎద్దు మెడ, ఎలుగు అరచేతులు. చిన్నప్పుడు స్కూల్లో లొరెట్టా తన పళ్ళెంలో రెండో గరిటె వడ్డించేదని ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

బంతి లేచింది. డోరియన్ పట్టుకున్నాడు. ఎడమవైపు దారి తెరుచుకుంది. బెకర్ తన జీవితంలో అంత విశాలమైన దారి చూడలేదు, అందులో ఒక గేదెల మంద పోవచ్చు. డోరియన్ మూడడుగులు వేశాడు.

ఈల మోగింది.

బెకర్ టోపీ నేలకేసి కొట్టాడు. "వాడు ఎత్తలేదు! నేను చూశాను, వాడు ఎత్తలేదు!"

"అతను ఎత్తలేదు," అని రెఫరీ ఒప్పుకున్నాడు. "ఆ లావుపాటాయన ఎత్తాడు."

బక్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. అది రెండుసార్లు ఊపిన చెయ్యి.

"నువ్వెందుకు ఊపావురా?" అన్నాడు బెకర్.

"డోరియన్ ఊపకూడదు కదా కోచ్." బక్ మొహం జేవురించింది. "వాడెక్కడున్నాడో ఆవిడకి తెలియాలి కదా అని... వాడి బదులు నేను..."

బెకర్ ఆ చెయ్యి వంక చూశాడు. రెండు నెలలు ఆ కుర్రాడికి చెయ్యి ఎలా ఎత్తాలో నేర్పింది తనే. మోచెయ్యి వంగలేదు. వేళ్ళు చక్కగా విప్పి ఉన్నాయి.

మ్యాచ్ అయ్యాక ఆయన మెట్లెక్కి వెళ్ళాడు. లొరెట్టా దుప్పటి తీసి ఆ ఖాళీ చోటు చూపించింది. ఆయన కూర్చున్నాడు.

"చెయ్యి కనబడింది," అంది ఆమె. "కానీ వాడు అంత లావెప్పుడయ్యాడు?"

"అది బక్."

"నేను బక్‌నే చూస్తూ కూర్చున్నానన్నమాట." దుప్పటి మడత పెట్టుకుంది. "బంతి మరి అంత ముందుకెలా వెళ్ళింది? ఎవరు మోసుకెళ్ళారు?"

"ఎవరూ మోయలేదండీ. రూలు మోసుకెళ్ళింది."

"ఆర్లీన్ ఉంటే మావాడే మోశాడని చెప్పేది."

"చెప్పేది," అన్నాడు బెకర్. "అబద్ధం చక్కగా చెప్పేది."

డిసెంబరులో లీగు విందు జరిగింది. సీజన్ మొత్తం కిక్‌ఆఫ్‌లు అందుకుని ఒక్క గాయమూ కాని ఆటగాడిగా డోరియన్ మాబ్రీకి వోమాక్ స్వయంగా చెక్క ఫలకం బహూకరించి, ఈ కుర్రాడు క్రీడకే భవిష్యత్తు అని అభివర్ణించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చేతులు మాత్రం ఛాతీ ఎత్తు దాటనివ్వలేదు.

డోరియన్ ఫలకం తెచ్చి అమ్మమ్మ ఒళ్ళో పెట్టాడు. అప్పటికి ఆమెకు తెలిసేది వెలుగూ చీకటీ మాత్రమే. వేళ్ళతో అక్షరాలు తడిమింది.

"దేనికిచ్చార్రా ఇది?"

"అందరికంటే బాగా ఆగినందుకు, అమ్మమ్మా."

ఆమె గట్టిగా నవ్వింది. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. బెకర్ తన పళ్ళెంలోకి చూసుకున్నాడు.

కమిటీ వార్షిక నివేదిక ప్రకారం ఆ సీజన్‌లో చేయవలసిన పనులన్నీ పూర్తయ్యాయి. డోరియన్ పరుగెత్తడం లొరెట్టా మాబ్రీ చూడలేదు.